కర్షకుల నిత్యారోగ్యము

సంఘమునుండి అప్పు గొని గడువునకు చెల్లింపలేకపోయిన సభ్యులు తమ అర్జీలయందు కారణములు వ్రాయుచుందురు. వాన లేదని కొందరును, పురుగు పడినదని కొందరును, ధర పడిపోయినదని కొందరును వ్రాయుదురు. ఈ కారణములు నిజమైనవే. కాని వ్యవసాయ ప్రదర్శకుడనై గ్రామములు తిరుగుచు, అట్టి సభ్యుల అరుగులమీద కూర్చుండి నెమ్మదిగా మాటలాడినపుడు వేఱొక కారణము బయటపడుచుండును. నాట్ల అదనులో ఇంటి యజమానికి పదునాలుగు దినములు జ్వరము వచ్చినది. అతడు లేచి మడిలో దిగునప్పటికి నారు ముదిరిపోయినది. కలుపు తీయు దినములలో బిడ్డకు విరేచనములు పట్టి, తల్లి పట్టణపు ఆసుపత్రిలో నిలిచిపోయినది. ఆసుపత్రికి పోయిన డబ్బు ఎరువునకై తెచ్చుకొన్న డబ్బే. ఈ సంగతి మాత్రము అర్జీలో కనుపడదు. జబ్బు దైవికమనియు, పంటనష్టము మాత్రమే లెక్కకు వచ్చు నష్టమనియు మనవారి తలంపు.

ఎద్దు ఒక పూట మేత మానినచో మనము దాని నాలుక చూతుము, చెవులు పట్టి చూతుము, కడుపు తట్టి చూతుము. ట్రాక్టరు గలవారు దాని నూనె ఎన్నడు మార్చినదియు గుర్తుంచుకొందురు. అదే రైతు తన కాలివ్రేళ్ల సందున దురద పుట్టి నెలనాళ్లయినను పట్టించుకొనడు. తన భార్య రెండు బిందెలు మోసి ఆయాసపడుచున్నను 'ఒంట్లో నీరసము' అని ఊరకుండును. ఇది పిసినితనము కాదు. జబ్బు ఏ దారిన వచ్చునో తెలియకపోవుటయే దీనికి మూలము. మన పల్లెలలో సామాన్యముగా కనుపడు జబ్బులలో పెక్కింటికి నోరు, పాదము, చర్మము అను మూడే దారులు. ఈ మూడు వాకిళ్లను మూయు పనులు అన్నియు ఇంటిలో చేసికొనదగినవే. వానిని గూర్చియే ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట నోటిమాట, అనగా నీటిమాట. నీరు తేటగా నున్నచో మంచిదని మనవారి నమ్మకము. తేటదనము కంటికి సంబంధించినది. విరేచనములు, వాంతిభేది, సన్నిపాతజ్వరమనబడు టైఫాయిడు, కొన్ని తెగల కామెర్లు పుట్టించు సూక్ష్మజీవులు కంటికి కనుపడవు. ఇవన్నియు మనుష్యుని మలమునుండి నీటిలోనికి చేరి, మరల మనుష్యుని నోట పడునవే. వాన కురిసిన మొదటి వారములలో ఊరిలో విరేచనములు హెచ్చుటకు కారణ మిదియే. వేసవి యంతయు ఊరిచుట్టు పడియున్న మలినము వాననీటితో కొట్టుకొని బావులలోనికిని, చెరువులలోనికిని, పగిలిన కుళాయి గొట్టములలోనికిని దిగును.

కుళాయి నీరు వచ్చు ఊళ్లలోకూడ బావులు ఇంకను వాడుకలో నున్నవి. బావిని శుద్ధిచేయుట కష్టము కాదు, కాని లెక్క తెలియవలెను. ఊరకే గుప్పెడు బ్లీచింగు పొడి చల్లుట వలన ప్రయోజనము లేదు. బావి వెడల్పును మీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి, వచ్చిన దానిని నీటిలోతుతో హెచ్చింపుడు. దానిని మరల 3.14తో హెచ్చించి 4తో భాగింపుడు. వచ్చినది ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరనగా 1000 లీటర్లు. 1000 లీటర్లకు మంచి బ్లీచింగు పొడి సుమారు 2.5 గ్రాములు కావలెను. దృష్టాంతమునకు, 3 మీటర్ల వెడల్పు గల బావిలో 4 మీటర్ల లోతు నీరున్నదనుకొందము. అది రమారమి 28,000 లీటర్లు. పొడి 70 గ్రాములు పట్టును. ఈ పొడిని బక్కెటులో కొద్ది నీటితో ముద్దచేసి, తరువాత నీరు పోసి కలిపి, సున్నము అడుగునకు దిగువఱకు ఆగవలెను. పైతేటను మాత్రము వేఱొక బక్కెటులోనికి వంచుకొని, ఆ బక్కెటును త్రాటితో బావిలోనికి దించి, నీటిలో పైకి క్రిందికి ఆడించవలెను. అడుగున మిగిలిన సున్నమును బావిలో వేయరాదు. అది నీటిని కఠినము చేయును. ఈ పని రాత్రి, నీళ్లు తోడుట ముగిసిన పిదప చేసినచో తెల్లవారునప్పటికి నీరు సిద్ధముగా నుండును. ఎంత తొందరయైనను గంటసేపటికి ముందు తోడరాదు. నీరు మురికిదైనచో పొడి ఇంకను ఎక్కువ పట్టును. కావున మొదటిసారి ఆరోగ్యశాఖవారిచేత నీటిలో మిగులు క్లోరిను పరీక్షింపించుకొనుట మేలు.

బావి దూరమైనచో, నమ్మకము లేనిచో, త్రాగునీటిని కాచుకొనుడు. నీరు తెర్లుచు ఒక నిమిషము మరగిన చాలును. కాచిన నీటిని చెడగొట్టునది తరచుగా మన చేయియే. వెడల్పు మూతిగల కుండలో చెంబు ముంచి, చెంబుతోపాటు నాలుగు వ్రేళ్లనుకూడ ముంచుట మనకు అలవాటు. పొడవైన కాడగల గరిటెను గాని, కుళాయి బిగించిన పాత్రను గాని వాడినచో ఈ చిక్కు తీరును.

ఇచ్చట ఒక ముఖ్యమైన విషయము చెప్పక తీరదు. కాచుటవలనను, బ్లీచింగు పొడివలనను సూక్ష్మజీవులు చచ్చునుగాని, నీటిలో కరిగిన ఫ్లోరైడు పోదు. కాచినచో నీరు తఱిగి అది మరికొంత చిక్కబడును. మన దేశములో ఈ ఫ్లోరైడు వ్యాధిని గూర్చి శాస్త్రజ్ఞులు మొట్టమొదట ప్రకటించినది తెలుగుదేశమునుండియే. నాటి నెల్లూరు జిల్లానుండి 1937లో. అంతకుముందే అచ్చటి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకొని నడువలేకపోవుటను కనిపెట్టియుండిరట. ఎద్దునకు వచ్చినది కనిపెట్టిన తరువాతనే మనుష్యునకు వచ్చినది లోకమునకు తెలిసినది! నల్లగొండ ప్రాంతపు బాధ అందరెఱిగినదే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపుండుట మంచిది, 1.5 మిల్లీగ్రాములు దాటినచో ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. లోతు బోర్లు వేయించుకొన్న సభ్యులు భూమిమట్టిని పరీక్షకు పంపునట్లే, ఆ బోరు నీటినికూడ ఒకసారి పరీక్షకు పంపుడు. పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలు కనుపడువఱకు వేచియుండరాదు.

ఇక చేయి. నేను చదివిన పాఠశాలలో మధ్యాహ్న భోజనమునకు ముందు మాష్టరుగారు మమ్ములను వరుసగా నిలువబెట్టి చేతులు త్రిప్పించి చూచెడివారు. అది వట్టి క్రమశిక్షణ యని మేము నవ్వుకొనెడివారము. దాని అర్థము నాకు మిరపతోటలలో తెలిసినది. దినమంతయు మిరపకాయల తొడిమలు తీసిన స్త్రీలు చేతులు నీటితో కడుగుకొని, తుడుచుకొని, అటుపిమ్మట పొరపాటున కన్ను నలిపికొందురు. ఆ మంట మీ అందరకు తెలిసినదే. చేయి చూచుటకు శుభ్రముగానే యున్నది, వాసనకూడ పోయినది, అయినను కారము పోలేదు. కంటికి కనుపడని మలినముకూడ ఇట్లే చేతినంటియుండును. వట్టి నీటితో అది పోదు. సబ్బుతో వ్రేళ్ల సందులును గోళ్ల క్రిందను రుద్ది, ఇరువదివఱకు లెక్కపెట్టునంతసేపు కడుగవలెను. సబ్బు లేనప్పుడు శుభ్రమైన బూడిద కొంతవఱకు పనిచేయును. బహిర్భూమికి వెళ్లివచ్చిన తరువాతను, బిడ్డల ముడ్డి కడిగిన తరువాతను, వంటకును భోజనమునకును ముందును ఇది తప్పరాదు. పసిబిడ్డల మలము దోషము లేనిదని కొందరందురు. అది శుద్ధ తప్పు. పెద్దల మలమువలెనే అదియు రోగములను వ్యాపింపజేయును.

ఇంత జాగ్రత్త పడినను బిడ్డకు విరేచనములు పట్టవచ్చును. ఈ భాగమును గూర్చి కొంత నిలిచి వ్రాయవలెను. మా ఇంట నా తరువాత పుట్టిన చెల్లెలు ఏడాది నిండకుండనే విరేచనములతో పోయినది. అప్పటికి నాకు ఏడేండ్లు. మా నాయనమ్మ ప్రేమ లేనిది కాదు. రెండు రాత్రులు బిడ్డను ఒడినుండి దింపలేదు. కాని నీరు పట్టినచో విరేచనములు హెచ్చునని ఆమె పెద్దలు ఆమెకు చెప్పియుండిరి. కావున పాలు మాన్పించిరి, నీరు మాన్పించిరి. బిడ్డ నాలుక ఎండి, కండ్లు లోతుకు పోయి, ఏడ్చుటకు కన్నీరుకూడ రాలేదు. మూడవ దినమున ప్రాణము పోయినది. మా చెల్లెలు విరేచనములచేత చావలేదు, దాహముచేత చచ్చినదని నేను పెద్దవాడనైన తరువాత తెలిసికొంటిని. ఈ మాట మా నాయనమ్మతో నేనెన్నడు అనలేదు.

మడిలో నారు వడలినప్పుడు మనము నీరు కట్టివేయుదుమా? విరేచనములలో దేహమునుండి పోవునవి నీరును, దానితో లవణములును. పోయినదానిని పోయినంత మరల పెట్టుటయే చికిత్సలో ముఖ్యభాగము. వట్టి ఉప్పునీరు పట్టినచో రోగగ్రస్తమైన ప్రేగు దానిని సరిగా పీల్చుకొనదు. ఉప్పుతో కొలతప్రకారము చక్కెర కలిసినపుడు, చక్కెర లోనికి పోవుచు ఉప్పును, ఉప్పువెంట నీటిని లోనికి తీసికొనిపోవును. ఈ చిన్న రహస్యము లక్షలకొలది బిడ్డలను బ్రతికించినది. 1971లో నాటి తూర్పు పాకిస్తానునుండి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలునకు రాగా, బొంగావ్ వద్ద శిబిరములలో వాంతిభేది చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను సీసాలు చాలకపోయెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్‌గారు ఉప్పును చక్కెరను కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగింపించిరి. అంతకుముందు నూటికి ముప్పదిమంది వఱకు మరణించుచుండగా, ఆ నీరిచ్చిన తరువాత మరణించినవారు నూటికి నలుగురికంటె తక్కువ.

ఆ నీరు నేడు పొట్లముల రూపమున ప్రతి ఆరోగ్య కేంద్రమునను, ఆశా కార్యకర్తలవద్దను దొరకుచున్నది, దానిని ఓ.ఆర్.ఎస్. అందురు. పొట్లముమీద వ్రాసిన కొలత నీటిలో పొట్లము మొత్తము ఒక్కమాఱుగా కలుపవలెను. సగము పొట్లము, చిటికెడు పొట్లము అని కలుపరాదు. పొట్లము దొరకనిచో, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన చిన్న చెంచాలతో చక్కెర 6 చెంచాలును, ఉప్పు అర చెంచాయు కలుపుడు. రుచి చూచినపుడు కన్నీటికంటె ఉప్పగా నుండరాదు. ఉప్పు హెచ్చినచో ప్రమాదము. చక్కెర హెచ్చినచో విరేచనములు హెచ్చును. కలిపిన నీటిని ఒక దినముకంటె ఎక్కువ నిలువయుంచరాదు. రెండేండ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనమునకు పిదప పావు గ్లాసు మొదలు అర గ్లాసు వఱకు, అంతకు పైబడిన బిడ్డకు అర గ్లాసు మొదలు ఒక గ్లాసు వఱకు చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతి చేసికొన్నచో పది నిమిషములు ఆగి మరల నెమ్మదిగా మొదలుపెట్టవలెను. తల్లిపాలు ఎంతమాత్రము మానరాదు. ఆఱు నెలలు దాటిన బిడ్డకు ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ, మెత్తని అన్నము పెట్టవచ్చును. దీనితోపాటు ఆరోగ్య కార్యకర్త ఇచ్చు జింకు బిళ్లలను 14 దినములు వేయవలెను. విరేచనములు మూడవ దినమున ఆగినవని బిళ్లలు మానివేయుదురు, అట్లు చేయరాదు. మలములో నెత్తురు పడినను, బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగలేకున్నను, పొట్టమీది చర్మమును చిటికెతో పట్టి విడిచినపుడు అది నెమ్మదిగా వెనుకకు పోవుచున్నను ఒక్క గడియ ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను. దారిలోకూడ, మ్రింగగలిగినంతవఱకు, ఈ నీరు పట్టుచునే యుండవలెను.

రెండవ వాకిలి పాదము. కొంకిపురుగును గూర్చి విననివారు తక్కువ, దాని నడక తెలిసినవారు ఇంకను తక్కువ. రోగి మలముతో దాని గ్రుడ్లు నేలమీద పడును. నీడయు తేమయు గల నేలలో అవి ఒకటి రెండు దినములలో పొదిగి, వారము పది దినములలో కంటికి ఆనని పిల్లపురుగులు ఒట్టి పాదమును పొంచియుండును. అరటితోట, తమలపుతోట, ఊరివెలుపలి చెట్లనీడ వీనికి మిక్కిలి అనువైనవి. పాదము తగిలినంతనే చర్మమును తొలుచుకొని లోనబడును. వ్రేళ్ల సందున వచ్చు దురద ఒక్కొక్కపుడు దీని రాకకు గుర్తు. అటనుండి నెత్తురుతో ఊపిరితిత్తులకు పోయి, గొంతుకలోనికి ప్రాకి, మ్రింగబడి, చిన్నప్రేగున కొంకి వేసికొని నెత్తురు పీల్చుచు ఏండ్లకొలది బ్రతుకును. ఇది చర్మము గుండ పోవునని తెలిసినదికూడ ఒక పొరపాటువలననే. ఈజిప్టు దేశమున ఆర్థర్ లూస్ అను పండితుడు ఈ పురుగులున్న నీటిని పరీక్షించుచుండగా చుక్క చేతిమీద ఒలికినది. చేయి ఎఱ్ఱబడి దురద పుట్టెను. కొన్ని వారములకు ఆయన మలములోనే ఆ పురుగు గ్రుడ్లు కనుపడెను.

ఒక్క పురుగు పీల్చు నెత్తురు చుక్కకంటె ఎక్కువ కాదు. వందలకొలది చేరినపుడు మాత్రము మనిషి పాలిపోవును, మెట్టు ఎక్కిన ఆయాసము, పనిమీద మనసుండదు. మన దేశములో 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దీనికంతకు పురుగే కారణము కాదు; తిండిలో ఇనుము తక్కువగుట, కాన్పులు మొదలగునవియు కలవు. కాని నాట్లకు కూలికి వచ్చిన స్త్రీని సోమరియని కేకలు వేయు ఆసామి, ఆమె కనురెప్ప క్రిందిభాగము తెల్లగా నున్నదేమో యొకసారి చూడవలెను. ఆకుకూర, ఉలవలు, రాగి తినునపుడు పైన నిమ్మకాయ పిండుకొనినచో అందలి ఇనుము చక్కగా ఒంటికి పట్టును. భోజనముతోడనే టీ త్రాగినచో పట్టదు. పురుగుమందు విషయమున, 2015 నుండి పాఠశాలలలోను అంగన్‌వాడీలలోను పిల్లలకు నులిపురుగుల నిర్మూలన దినమున అల్బెండజోల్ బిళ్ల ఇచ్చుచున్నారు. ఆ దినమున పిల్లలను పొలమునకు తీసికొనిపోయి బడి మాన్పింపకుడు.

అయితే బిళ్ల పురుగును చంపునుగాని నేలను శుభ్రము చేయదు. మరుగుదొడ్డి కట్టించుకొని దానిలో కట్టెలు నిలువచేసికొన్న ఇండ్లను నేను చూచితిని. కారణమడిగినచో 'గొయ్యి నిండిపోవును గదా' యని ఒక పెద్దమనుష్యుడు సెలవిచ్చెను! గొయ్యి నిండుటకే గదా త్రవ్వినది. రెండు గోతుల పద్ధతిలో ఒకటి నిండగానే దారి మార్చి రెండవదానిలోనికి విడువవలెను. మొదటిదానిని కప్పి రెండేండ్లు కదలింపక విడిచినచో, అందలిది వాసన లేని నల్లని ఎరువగును, రోగబీజములు నశించును. ఆఱు నెలలకే త్రవ్వి కాయగూరలకు వేయుట మాత్రము తగదు, ఏలన ఏలికపాముల గ్రుడ్లు మిక్కిలి మొండివి. త్రాగునీటి బావికిని గోతికిని కనీసము 15 మీటర్ల యెడముండవలెను.

చెప్పుల మాట. మాగాణి మడిలో చెప్పులతో దిగుట సాధ్యము కాదని మీరందురు. నిజమే. కాని గట్టుమీదను, తోటలోను, పెంటకుప్పవద్దను, చీకటి దారిని చెప్పులుండుటకు అడ్డమేమి? మడిలో దిగునపుడు కాలిమీద పుండు గాని కోత గాని యున్నచో మోకాలివఱకు వచ్చు రబ్బరు బూట్లు వేసికొనుట మేలు. అది లేనిచో ఆ దినమునకు వేఱు పని చూచుకొనుట మంచిది. ఎలుక మన ధాన్యమును తినుటయే గాక, దాని మూత్రము కలిసిన మడినీటిలో ఒక సూక్ష్మజీవియు నుండును. అది పుండ్లగుండ లోనికి పోయి జ్వరము, పిక్కలలో విపరీతమైన నొప్పి, కండ్లు ఎఱ్ఱబడుట, ముదిరినచో కామెర్లు కలిగించును. నాట్లయిన కొన్ని దినములకు ఇట్టి జ్వరము వచ్చినచో వైద్యునితో 'మడిలో పనిచేసితిని' అని తప్పక చెప్పవలెను; ఆ ఒక్క మాట వైద్యునకు దారి చూపును. పేడయు మట్టియు తగిలిన గాయమునుండి ధనుర్వాతము వచ్చును గనుక, గాయమును సబ్బునీటితో కడిగి, టీకా గడువు చూచుకొని సూది వేయించుకొనవలెను. గాయముమీద పేడ గాని, బూడిద గాని పెట్టరాదు.

దోమ విషయము క్లుప్తముగా ముగించెదను. చలిజ్వరము దోమవలన వ్యాపించునను సత్యమునకు ఆధారము 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులోనే రొనాల్డు రాస్ దొరకు దోమకడుపులో చిక్కినది. బోదకాలు పురుగును చంపు డైఇథైల్ కార్బమజైను అను మందు 1947లో వెలువడినది భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందమునుండి. ఇంత ఘనత మనది. అయినను ఆరోగ్య కార్యకర్త ఆ బిళ్లను ఇంటికి తెచ్చి యిచ్చినపుడు మనము 'తరువాత వేసికొందుము' అని గూటిలో పెట్టుదుము. దోమ గ్రుడ్డు నీటిలో వారము పది దినములకు దోమయగును. కావున వారమునకొక దినము తొట్లు, కుండలు, పశువుల కుడితి గాబులు పూర్తిగా వంపి, లోపల రుద్ది, ఆరనిచ్చినచో ఆ వారపు సంతతి నశించును. పాత టైర్లను, కొబ్బరిచిప్పలను మరువరాదు. డెంగీ దోమకు అవియే ఇండ్లు, అది కుట్టునది పగటివేళ.

చర్మమునకు దోమకంటె గొప్ప శత్రువును మనమే సంఘమునందు కొని ఇంటికి తెచ్చుకొనుచున్నాము. పైరుమందు డబ్బామీద వజ్రాకారపు గుర్తులో ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో ఒకటుండును. ఎఱుపు మిక్కిలి తీవ్రవిషము. తరువాతివి వరుసగా తగ్గుచుండును. ఆకుపచ్చకూడ విషమే. మందును చేతితో కలుపుట, నాజిలు మూసికొనిపోయినపుడు నోటితో ఊదుట, గాలికి ఎదురుగా కొట్టుట, ఎండ వేడిమికి చొక్కా విప్పి కొట్టుట అను నాలుగు అలవాట్లు నేను ప్రతి గ్రామమునను చూచుచున్నాను. మందు నోటిగుండనే గాక చర్మముగుండకూడ లోనికి దిగును. చెమట పట్టిన చర్మమునుండి మఱింత త్వరగా దిగును. పొడుగు చేతుల చొక్కా, తొడుగులు, ముఖమునకు అడ్డు ధరించి, ఉదయము గాని చల్లని సాయంకాలము గాని కొట్టి, పని కాగానే సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలను వేఱుగా ఉదుకవలెను. ఖాళీ డబ్బాలో మంచినీళ్లు, నూనె పోసికొనుట ప్రాణాపాయము. దానిని పొడిచి పనికిరాకుండ చేయవలెను. మందు తగిలి తల తిరిగి, చొంగ కారుచున్న మనిషిని ఆసుపత్రికి తీసికొనిపోవునపుడు ఆ డబ్బానో, దాని చీటీనో వెంట తీసికొనిపోవలెను. ఏ మందో తెలిసిననే వైద్యుడు తగిన విరుగుడు వేయగలడు.

వేసవి వచ్చుచున్నది గనుక ఎండను గూర్చి రెండు మాటలు. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రములలోను వడదెబ్బచే వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పనిచేయువారికే ఈ గండము మెండు. దాహము వేయువఱకు ఆగక గంటగంటకు నీరు త్రాగవలెను. ఉప్పు వేసిన మజ్జిగయు, గంజియు, మన పెద్దల అంబలియు ఈ పనికి చక్కగా సరిపోవును. పదకొండు గంటలకు పని ఆపి నాలుగు గంటలకు మరల మొదలుపెట్టినచో కూలిలో నష్టము లేదు, తెల్లవారుజామున ముందుగా దిగిన చాలును. ఒళ్లు కాలిపోవుచు మాట తడబడుచున్న మనిషిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలంతయు తడిపి విసరుచుండవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. 108కి ఫోనుచేయుట ఆలస్యము చేయరాదు.

కడపట సంఘ కార్యవర్గమువారికి ఒక విన్నపము. విత్తనములతోడను ఎరువులతోడను పాటు ఓ.ఆర్.ఎస్. పొట్లములను, బ్లీచింగు పొడిని మన దుకాణమున నిలువయుంచుట కష్టము కాదు. బ్లీచింగు పొడిని మాత్రము ఎరువులకును పైరుమందులకును దూరముగా, వేఱు గదిలో, గట్టి మూతగల డబ్బాలో, వెలుతురును తేమయు తగులనిచోట ఉంచవలెను. మూత తీసియుంచిన పొడి నెలనాళ్లలో చాలవఱకు శక్తి కోల్పోవును. పేరు మిగులును, పని మిగులదు. పాత పొడిని కొలతప్రకారము వేసినను బావి శుద్ధికాదు. కావున డబ్బామీద తెఱచిన తేదీ వ్రాయించి, ఒక్కొక్క సభ్యునకు ఒకసారికి సరిపడునంతయే తూచి యిప్పించుడు.